డిస్క్ మనది, గేమ్ ఎవరిది?

కోఠీ పాత పుస్తకాల షాపుల గురించి హైదరాబాద్ స్టూడెంట్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. సీనియర్ అమ్మేసిన పుస్తకాన్ని తక్కువ రేటుకి కొంటాం, పరీక్షలయ్యాక మళ్ళీ అమ్మేస్తాం. ఒకే పుస్తకం నలుగురైదుగురి చేతులు మారుతుంది. మొదటి అమ్మకం తప్ప మిగతా వాటిలో పబ్లిషర్‌కి పైసా రాదు. అయినా దాన్ని తప్పని ఎవరూ అనరు. పుస్తకం కొన్నవాడిది, అమ్ముకుంటాడు, అంతే.

వీడియో గేమ్ డిస్క్ కూడా అంతే కదా అనిపిస్తుంది. పీఎస్5 గేమ్ ఒకటి రూ. 4,999 పెట్టి కొన్నాం అనుకోండి. పూర్తిచేసి ఇంకొకరికి మూడు వేలకి అమ్మితే మనకి నిజంగా పడిన ఖర్చు రెండు వేలు. కానీ గేమ్ కంపెనీలకి ఈ రెండో అమ్మకం మొదటి నుంచీ నచ్చదు. దాన్ని ఆపడానికి కోర్టుకెళ్ళారు, డబ్బాలో కోడ్‌లు పెట్టారు, డిస్క్‌కి తాళం వేయాలని చూశారు. అవేవీ నిలబడలేదు. కానీ చివరికి పెద్దగా గొడవ లేకుండానే గెలుస్తున్నారు. అది ఎలా జరిగిందో చెప్పడానికే ఈ వ్యాసం. గేమ్స్ ఆడని వాళ్ళు కూడా చదవండి, ఇది గేమ్స్ దగ్గర ఆగే విషయం కాదు.

కోర్టులు ఏమన్నాయి?

ఈ గొడవ గేమ్స్ కన్నా చాలా పాతది. అమెరికాలో బాబ్స్ మెరిల్ అనే పబ్లిషర్ ఒక నవల లోపల నోటీసు అచ్చేశాడు. ఈ పుస్తకాన్ని ఒక డాలర్ కన్నా తక్కువకి అమ్మితే కాపీరైట్ ఉల్లంఘన కిందకి వస్తుందని దాని సారాంశం. న్యూయార్క్‌లో మేసీస్ అనే పెద్ద షాపు వాళ్ళు దాన్ని పట్టించుకోకుండా 89 సెంట్లకే అమ్మేశారు. కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. 1908లో కోర్టు షాపు వైపే తీర్పిచ్చింది. కాపీరైట్ అంటే కాపీలు తీసి అమ్మే హక్కు. ఒకసారి అమ్మేసిన కాపీ ఆ తర్వాత ఎంతకి చేతులు మారాలో శాసించే హక్కు అందులో లేదు. దీన్నే ఫస్ట్ సేల్ సూత్రం అంటారు. మరుసటి ఏడాదే అమెరికా కాపీరైట్ చట్టంలోకి ఎక్కింది.

మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం పుస్తకాల విషయంలో ఇదే దారిలో ఉంది. పబ్లిషర్ హక్కు కొత్త కాపీలని జనంలోకి వదలడం మీద ఉంటుంది, ఇప్పటికే చలామణిలో ఉన్న కాపీల మీద కాదు. కంప్యూటర్ ప్రోగ్రాముల కథ మాత్రం కొంచెం వేరు. 1994లో చట్టాన్ని సవరించినప్పుడు, ఒక కాపీ ఇంతకు ముందే అమ్ముడుపోయినా సరే, దాని అమ్మకం మీద హక్కు యజమానిదే అన్నట్టు రాశారు. 1999 సవరణలో ఆ మాటలు తీసేశారు. చట్టంలో ఒక్క వాక్యం అటూ ఇటూ అయితే సెకండ్ హ్యాండ్ మార్కెట్ మొత్తం ఎలా ఊగిపోతుందో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు.

గేమ్స్ మీద నేరుగా వచ్చిన పెద్ద తీర్పు జపాన్‌ది. పాత గేమ్స్ అమ్మే షాపుల మీద అక్కడి గేమ్ కంపెనీలు కేసులు వేశాయి. వాళ్ళ వాదన తెలివైనదే. జపాన్ చట్టంలో సినిమాలకి పంపిణీ హక్కు అని ప్రత్యేకంగా ఒకటి ఉంది. గేమ్ కూడా సినిమా లాంటిదే కాబట్టి ఆ హక్కు మాకూ వర్తిస్తుంది అన్నారు. 2002 ఏప్రిల్‌లో అక్కడి సుప్రీం కోర్టు సగం ఒప్పుకుంది. గేమ్ సినిమా లాంటిదే, కానీ మామూలు కస్టమర్‌కి ఒకసారి అమ్మేశాక ఆ పంపిణీ హక్కు అక్కడితో అయిపోతుంది అని తేల్చింది. అలా జపాన్‌లో పాత గేమ్స్ షాపులు బతికిపోయాయి.

కంపెనీల బాధ కూడా వినాలి

గేమ్ కంపెనీలది వట్టి అత్యాశ అని కొట్టిపారేయడం ఈజీ. కానీ వాళ్ళ వైపు లెక్క కూడా ఉంది. 2010 ప్రాంతంలో అమెరికాలో కొత్త గేమ్ ధర 60 డాలర్లు. గేమ్‌స్టాప్ లాంటి చెయిన్ షాపుకి వెళ్తే అదే గేమ్ పాతది 55 డాలర్లకి దొరికేది. ఐదు డాలర్లు తక్కువ కాబట్టి చాలామంది పాతదే తీసుకునేవారు. అమ్మినవాడికి షాపు ఇచ్చేది అందులో సగమో ఇంకా తక్కువో. మిగిలిందంతా షాపు లాభం. గేమ్ తయారుచేసిన స్టూడియోకి సున్నా. కోఠీ షాపుకీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. కొత్త గేమ్ పక్కనే, అదే కౌంటర్‌లో, అదే షాపువాడు పాతది కొనమని చెప్పేవాడు.

2011లో ఫ్రాన్స్‌కి చెందిన క్వాంటిక్ డ్రీమ్ స్టూడియో పెద్దలలో ఒకరు ఒక లెక్క బయటపెట్టారు. వాళ్ళ గేమ్ హెవీ రెయిన్ దాదాపు 20 లక్షల కాపీలు అమ్ముడైంది. ప్లేస్టేషన్‌లో ఆటగాళ్ళకి వచ్చే ట్రోఫీల రికార్డు చూస్తే మాత్రం ఆడినవాళ్ళు 30 లక్షల పైనే ఉన్నారు. అంటే పది లక్షల మంది డబ్బు మాకు రాలేదు అని ఆయన వాదన.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. ఆ పది లక్షల మందిలో అన్న డిస్క్‌తో ఆడిన తమ్ముడు ఉంటాడు, అద్దెకి తెచ్చుకున్నవాడు ఉంటాడు. పూర్తి ధర అయితే అసలు కొనేవాడే కానివాడు కూడా ఉంటాడు. వీళ్ళందర్నీ పోయిన కస్టమర్లుగా లెక్కేయడం కుదరదు. ఇంకో సంగతి కూడా ఉంది. మన ఇళ్ళలో బండి కొనేటప్పుడు పెద్దవాళ్ళు మైలేజీ తర్వాత అడిగేది రీసేల్ వాల్యూ. తర్వాత అమ్ముకోవచ్చన్న ధైర్యంతోనే కదా ఎక్కువ డబ్బు పెట్టి కొత్త బండి కొంటాం. గేమ్ కూడా అంతే. పాత గేమ్ అమ్మిన డబ్బుతోనే చాలామంది కొత్త గేమ్ కొంటారు. ఆ రీసేల్ తీసేస్తే 4,999 నిజంగానే 4,999 అయిపోతుంది. అప్పుడు ఎంతమంది కొంటారు? కంపెనీల లెక్కలో ఈ ప్రశ్న చాలాసార్లు కనపడదు.

పది డాలర్ల కోడ్

కోర్టులో కుదరకపోతే ఇంజనీరింగ్‌తో చేద్దాం అనుకున్నారు. 2010లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ తన స్పోర్ట్స్ గేమ్స్‌లో ఆన్‌లైన్ పాస్ మొదలుపెట్టింది. కొత్త డబ్బాలో ఒక కోడ్ ఉంటుంది. దాన్ని ఒక్కసారి ఒక అకౌంట్‌లో కొడితే ఆన్‌లైన్‌లో ఆడొచ్చు. డిస్క్ అమ్మేస్తే కొన్నవాడికి కోడ్ పనిచేయదు, పది డాలర్లు పెట్టి వేరేది కొనుక్కోవాలి. తర్వాత సోనీ, యుబిసాఫ్ట్, టీహెచ్‌క్యూ కూడా ఇలాంటివే తెచ్చాయి. 2011లో వచ్చిన బ్యాట్‌మ్యాన్ గేమ్ అర్కమ్ సిటీలో అయితే క్యాట్‌వుమన్ పాత్ర ఆడే భాగమే కోడ్ వెనక పెట్టారు.

లెక్క చూడండి. పాత గేమ్ 55, కోడ్‌కి 10, మొత్తం 65. కొత్తది 60. ఇప్పుడు పాతది ఎవడు కొంటాడు? కొనాలంటే షాపు దాని రేటు తగ్గించాలి. రేటు తగ్గితే ఆ నష్టాన్ని షాపు తన మీద వేసుకోదు, మన దగ్గర కొనేటప్పుడే తక్కువిస్తుంది. అంటే ఈ పది డాలర్లు చివరికి వచ్చి పడేది పూర్తి ధర పెట్టి కొత్త గేమ్ కొన్న నిజాయితీ కస్టమర్ మీదే. జనం తిట్టారు, అమ్మకాల్లో పెద్ద మేలూ కనపడలేదు. 2013 మే నెలలో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఆన్‌లైన్ పాస్‌ని ఎత్తేసింది.

2013 జూన్: తాళం ఎగిరిపోయిన రెండు వారాలు

అదే నెలలో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్‌ని ప్రకటించింది. జూన్ 6న దాని రూల్స్ బయటికొచ్చాయి. డిస్క్ కొన్నా గేమ్ మన అకౌంట్‌కి ముడిపడిపోతుంది. కన్సోల్ 24 గంటలకి ఒకసారి ఇంటర్నెట్‌కి కనెక్ట్ అవ్వాలి, లేకపోతే గేమ్ ఆడనివ్వదు. పాత గేమ్ అమ్మాలంటే పబ్లిషర్ ఒప్పుకోవాలి, అదీ కంపెనీతో ఒప్పందం ఉన్న షాపులోనే. ఫ్రెండ్‌కి ఇవ్వాలంటే వాడు మన ఫ్రెండ్స్ లిస్టులో కనీసం 30 రోజుల నుంచి ఉండాలి. అదీ ఒక గేమ్‌కి ఒక్కసారే.

నాలుగు రోజుల తర్వాత లాస్ ఏంజెలెస్‌లో ఈ3 షోలో సోనీ స్టేజి మీదకి వచ్చి, పీఎస్4లో పాత గేమ్స్ మీద ఏ అడ్డూ ఉండదని చెప్పింది. హాలు మొత్తం చప్పట్లు. పీఎస్4లో గేమ్ షేర్ చేసుకోవడం ఎలా అని నేర్పిస్తున్నట్టు అర నిమిషం కూడా లేని ఒక వీడియో వదిలారు. సోనీ మనిషి ఒకాయన డబ్బా తీసి పక్కనాయన చేతికిస్తాడు, ఆయన థాంక్స్ చెప్తాడు. అంతే, వీడియో అయిపోయింది. జూన్ 19న మైక్రోసాఫ్ట్ తన రూల్స్ అన్నీ వెనక్కి తీసుకుంది.

న్యాయంగా ఒకటి చెప్పాలి. ఆ ప్లాన్‌లో మంచి కూడా ఉంది. డిస్క్ పెట్టకుండానే ఆడొచ్చు, మన గేమ్స్‌ని పదిమంది కుటుంబసభ్యులతో పంచుకోవచ్చు అన్నారు. రూల్స్‌తో పాటు అవి కూడా పోయాయి. మొత్తానికి ఆటగాళ్ళు గెలిచినట్టే కనపడింది.

చప్పుడు లేని గెలుపు

కానీ పీసీ గేమ్స్‌లో ఈ యుద్ధం అప్పటికే అయిపోయింది. 2004లో వాల్వ్ కంపెనీ హాఫ్ లైఫ్ 2 విడుదల చేసింది. షాపులో డబ్బా కొన్నా సరే, స్టీమ్ అకౌంట్‌లో రిజిస్టర్ చేస్తేనే ఆడనిచ్చేది. ఒకసారి రిజిస్టర్ చేశాక ఆ డబ్బా ఇంకొకరికి అమ్మినా వాళ్ళకి పనికిరాదు. అంటే ఎక్స్‌బాక్స్‌ని జనం ఏ విషయానికి తిట్టారో, దాదాపు అదే పని తొమ్మిదేళ్ళ ముందే పీసీలో జరిగిపోయింది. విసుక్కున్నవాళ్ళు ఉన్నారు, కానీ వెనక్కి తీసుకోవాల్సినంత గొడవ జరగలేదు. ఎందుకంటే స్టీమ్ బదులుగా సౌకర్యం ఇచ్చింది, తర్వాత భారీ డిస్కౌంట్ సేల్స్ ఇచ్చింది. తీసుకున్నదాని గురించి మాట్లాడకుండా ఇచ్చేదాని గురించి మాట్లాడింది.

కన్సోళ్ళు కూడా తర్వాత ఇదే దారి పట్టాయి. పీఎస్5 మన దేశంలో 2021 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు రెండు రకాలు ఉన్నాయి. డిస్క్ డ్రైవ్ ఉన్నది రూ. 49,990, లేనిది రూ. 39,990. పది వేలు మిగిలినట్టే కనపడుతుంది. కానీ ఒక్కో గేమ్‌ని తర్వాత అమ్మి రెండు వేలు వెనక్కి రాబట్టే మనిషి అయితే, ఐదు గేమ్స్‌తో ఆ పది వేలు సరి. ఆరో గేమ్ నుంచి నష్టమే. పైగా డిజిటల్ అయితే కొనే చోటు ఒక్కటే. 2019 ఏప్రిల్ నుంచి పూర్తి గేమ్స్ డౌన్‌లోడ్ కోడ్‌లని బయటి షాపుల్లో అమ్మడం కూడా సోనీ ఆపేసింది. పక్క షాపులో రేటు కనుక్కునే అవకాశం లేదు, ఎందుకంటే పక్క షాపే లేదు.

2013లో చప్పట్లు కొట్టించుకున్న కంపెనీ కూడా ఇదే. అప్పుడు చెప్పింది అబద్ధం కాదు, డిస్క్ మీద ఇప్పటికీ ఏ తాళమూ లేదు. కాకపోతే డిస్క్ పెట్టే సందు ఉన్న కన్సోల్‌కి ఎక్కువ డబ్బు అవుతుంది.

మరి ఫస్ట్ సేల్ సూత్రం ఏమైంది? అది ‘అమ్మిన కాపీ’ గురించి మాట్లాడుతుంది. డౌన్‌లోడ్‌లో అమ్మేది కాపీ కాదు, లైసెన్స్ అంటారు. దీనికి ఒక ముఖ్యమైన తీర్పు మన మెకానికల్, సివిల్ వాళ్ళకి బాగా తెలిసిన ఆటోక్యాడ్ మీదే వచ్చింది. అమెరికాలో ఒకాయన పాత ఆటోక్యాడ్ కాపీలు ఈబేలో అమ్మితే ఆటోడెస్క్ అడ్డుపడింది. అవి డిస్కులే, డౌన్‌లోడ్‌లు కూడా కాదు. 2010లో అక్కడి అప్పీల్ కోర్టు, మొదట కొన్నవాడు యజమాని కాదు, లైసెన్స్ తీసుకున్నవాడు మాత్రమే, కాబట్టి ఫస్ట్ సేల్ వర్తించదు అంది.

యూరప్‌లో 2012లో దీనికి ఎదురు తీర్పు వచ్చింది. కాలపరిమితి లేకుండా డబ్బు తీసుకుని లైసెన్స్ ఇస్తే అది అమ్మకమే, డౌన్‌లోడ్ చేసిన సాఫ్ట్‌వేర్ అయినా తిరిగి అమ్ముకోవచ్చు అని యూరోపియన్ కోర్టు ఒరాకిల్ కేసులో చెప్పింది. దాని బలంతో ఫ్రాన్స్‌లో ఒక వినియోగదారుల సంఘం వాల్వ్ మీద కేసు వేసింది. 2019లో పారిస్ కోర్టు సంఘం వైపు తీర్పిచ్చింది. 2022లో అప్పీల్ కోర్టు దాన్ని కొట్టేసింది. గేమ్ అంటే వట్టి ప్రోగ్రామ్ కాదు, అందులో సంగీతం, బొమ్మలు, కథ కూడా ఉన్నాయి కాబట్టి సాఫ్ట్‌వేర్ రూల్ దీనికి సరిపోదు అంది. చిత్రం ఏంటంటే, గేమ్ సినిమా లాంటిది అన్న వాదన 2002లో జపాన్ కంపెనీలని గెలిపించలేదు. ఇరవై ఏళ్ళకి ఫ్రాన్స్‌లో దాని చుట్టం లాంటి వాదనే పనిచేసింది.

ఒక టేబుల్, ఒక రో

సీఎస్ఈ చదువుతున్న నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది ఇది. డిజిటల్ గేమ్‌ని ఇంకొకరికి బదిలీ చేయడం టెక్నికల్‌గా కష్టమా? డీబీఎంఎస్ క్లాసు గుర్తు తెచ్చుకోండి. స్టోర్‌లో మన లైబ్రరీ అంటే మూలంలో ఒక టేబుల్. ఒక కాలమ్‌లో యూజర్ ఐడీ, ఇంకో కాలమ్‌లో గేమ్ ఐడీ. బదిలీ అంటే ఆ రోలో నా ఐడీ తీసి కొన్నవాడి ఐడీ పెట్టడం. నా కంప్యూటర్‌లో ఫైల్స్ మిగిలిపోయినా పర్లేదు, ఎందుకంటే గేమ్ ఓపెన్ అయ్యేటప్పుడు సర్వర్ చూసేది ఆ టేబుల్నే. 2015 నుంచి స్టీమ్‌లో గేమ్ కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసు ఇస్తున్నారు. వాపసు ఇస్తే ఆ గేమ్ మన లైబ్రరీలోంచి పోతుంది. అంటే హక్కు తీసేయడం వాళ్ళకి వచ్చు, గిఫ్ట్ రూపంలో ఇవ్వడమూ వచ్చు. బదిలీకి కావాల్సిన రెండు ముక్కలూ ఇప్పటికే కోడ్‌లో ఉన్నాయి. లేనిది అనుమతి.

అయితే గుడ్డిగా అనుమతిస్తే వచ్చే చిక్కు కూడా చూడాలి. డిస్క్ గీతలు పడుతుంది, ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోవడానికి టైం పడుతుంది. డిజిటల్ కాపీకి ఈ అడ్డంకులు లేవు. పది గంటల్లో అయిపోయే కథ గేమ్ ఒకటి వెయ్యి కాపీలు అమ్ముడైందనుకోండి. ప్రతి వారం ఒకరు ఆడి ఆదివారం రాత్రి అమ్మేస్తే, ఏడాదిలో ఆ వెయ్యి కాపీల మీదే 52 వేల మంది ఆడేయొచ్చు. ముగ్గురు నలుగురు కలిసి చేసిన చిన్న స్టూడియో అక్కడితో మూతపడుతుంది. నెలనెలా డబ్బు గుంజే ఆన్‌లైన్ గేమ్స్‌కి మాత్రం ఏమీ కాదు. అంటే దెబ్బ తగలకూడని వాళ్ళకే తగులుతుంది.

కానీ దీనికి జవాబు బదిలీనే వద్దనడం కాదనిపిస్తుంది నాకు. మొదటి ఆరు నెలలు బదిలీ లేదు అని పెట్టొచ్చు. ఒక కాపీ ఇన్నిసార్లే చేతులు మారాలి అనొచ్చు. ప్రతి బదిలీలో కొంత వాటా స్టూడియోకి వెళ్ళేలా చేయొచ్చు. ఈ చివరిది డిస్క్ కాలంలో ఎప్పుడూ కుదరని పని. గేమ్‌స్టాప్ మీద స్టూడియోల అసలు ఫిర్యాదు మాకేం రావట్లేదనే కదా, డిజిటల్‌లో ఆ ఫిర్యాదు నాలుగు లైన్ల కోడ్‌తో తీరిపోతుంది. అయినా పెద్ద స్టోర్లు ఆ పని చేయట్లేదంటే, మొదట చెప్పిన బాధ ఒక్కటే అసలు కారణం కాదన్నమాట.

ఇది గేమ్స్ దగ్గర ఎందుకు ఆగదు?

కొన్నది మనది కాకపోతే పోయేది రీసేల్ ఒక్కటే కాదు. 2014లో వచ్చిన ద క్రూ అనే కార్ల గేమ్ సర్వర్లని యుబిసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపేసింది. డబ్బు పెట్టి డిస్క్ కొన్నవాళ్ళు కూడా ఇక ఆడలేరు. అదే ఏడాది సెప్టెంబర్‌లో కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది. కస్టమర్‌కి ఇచ్చేది లైసెన్స్ మాత్రమే అయితే, ఆ మాట స్పష్టంగా చెప్పకుండా డిజిటల్ వస్తువు మీద ‘కొనండి’ అని రాయకూడదు. అప్పటి నుంచి స్టీమ్‌లో డబ్బు కట్టే ముందు, మీరు కొంటున్నది లైసెన్స్ అని ఒక లైను కనపడుతుంది.

ఎంఎస్‌కి అమెరికా వెళ్ళాలనుకునే వాళ్ళకి ఇంకో మాట. అక్కడ కొన్ని కోర్సుల్లో టెక్స్ట్‌బుక్‌తో పాటు ఒక యాక్సెస్ కోడ్ ఉంటుంది, హోంవర్క్ ఆన్‌లైన్‌లో పెట్టాలంటే అది కావాలి. ఒకరికి ఒక్కసారే పనిచేస్తుంది. సీనియర్ పుస్తకం ఫ్రీగా ఇచ్చినా కోడ్ కొనుక్కోవాల్సిందే. గేమ్స్‌లో ఓడిపోయిన ఆన్‌లైన్ పాస్ పుస్తకాల్లో చక్కగా బతుకుతోంది. గేమర్లంత గట్టిగా స్టూడెంట్లు అరవలేదేమో!

మరి మనం ఏం చేయగలం? కొనేటప్పుడు నాలుగు విషయాలు చూసుకోండి. డిస్క్ రేటు, డిజిటల్ రేటు ఒకటే అయితే డిస్క్‌దే లాభం, అమ్ముకోవచ్చు, ఫ్రెండ్‌కి ఇవ్వొచ్చు. డ్రైవ్ లేని కన్సోల్ చవక అనుకునే ముందు రీసేల్ లెక్క వేసుకోండి. డబ్బా మీద ఇంటర్నెట్ తప్పనిసరి అని ఉందేమో చదవండి. 2025 జూన్‌లో వచ్చిన నింటెండో స్విచ్ 2లో గేమ్ కీ కార్డ్ అని ఒక రకం ఉంది. కార్డులో గేమ్ ఉండదు, డౌన్‌లోడ్ చేసుకోవాలి, కానీ ఆడాలంటే కార్డు పెట్టాలి. అకౌంట్‌కి ముడి లేదు కాబట్టి దాన్ని అమ్ముకోవచ్చు. డౌన్‌లోడ్ సర్వర్ ఉన్నన్నాళ్ళే దానికి విలువ, అది గుర్తుపెట్టుకోండి.

ఇంకొకటి మన బ్రాంచి వాళ్ళకి. ఇంకో మూడేళ్ళలో మనలో కొంతమంది ఇలాంటి స్టోర్లకే బ్యాకెండ్ రాస్తూ ఉంటారు. యూజర్ ఐడీ, గేమ్ ఐడీ ఉన్న ఆ టేబుల్ ఎవరో ఒకరు డిజైన్ చేయాలి కదా. ఆ మీటింగ్‌లో, కస్టమర్ దీన్ని ఇంకొకరికి ఇవ్వాలంటే ఎలా అని అడిగేవాడు ఒక్కడు ఉన్నా చాలు. వద్దని మేనేజర్ అంటే అనొచ్చు. కుదరదని మాత్రం మన నోటితో చెప్పొద్దు, ఎందుకంటే కుదురుతుందని మనకి తెలుసు.